నాలుగు నీళ్లలో నత్తల జాడ

యాత్ర యనగా కాశికో రామేశ్వరమునకో పోవుట యని మనము తలంచుట వాడుక. మేమిప్పుడు వ్రాయబోవు యాత్రకు రైలుటిక్కెట్టు అక్కఱలేదు. ప్రొద్దున చలిది తిని బయలుదేరినచో సందెదీపమువేళకు ఇల్లు చేరవచ్చును. ఏలూరునకు దిగువను, కొల్లేటికి ఎగువను ఉన్న మా పల్లెచుట్టు నాలుగు విధముల నీళ్లు కలవు: పంటకాలువ, రేవుబోదె, గేదెలకుంట, కొల్లేటిలో కలియు ఏఱు. ఈ నాలుగింటిలో ఏయే నత్తలు జీవించుచున్నవో చూచి లెక్క వ్రాయుటకై గడచిన మార్గశిరమున నాలుగు ఆదివారములు తిరిగితిమి. మావారు, పొరుగింటి యాడపిల్లలిద్దఱు, ఈ వ్రాయువారము, ఇంతే మా పరివారము.

నత్తలతో మీకేమి పని యని అడుగుదురు గాబోలు. పని యిది. ఆశ్వయుజమాసమున మా యూర కొన్ని గేదెలు మేత మాని చిక్కిపోయెను. దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడెను. పాలు సగమునకు తగ్గెను. పశువైద్యుడు వచ్చి చూచి, ఇది కార్జమున చేరు జలగవలన కలిగిన జబ్బనియు, ఆ జలగ పసితనమున నీటినత్తలో పెరిగి పిదప పశువునకు చేరుననియు చెప్పి మందు పట్టించెను. మందుమాట జనులు త్వరలోనే మఱచిరి. నత్తమాట మాత్రము మఱవలేదు. పెద్దలు కూడి, వరికోతలు కాగానే ఊరి నీళ్లన్నిటిలోను మైలుతుత్తము కలిపి నత్తలను నిర్మూలింపవలెనని నిశ్చయించిరి. ఇంటింట చందా వసూలు చేయుటకూడ మొదలయ్యెను.

రేవులో స్త్రీలు రెండు పక్షములైరి. పాడి గలవారు మందు కలుపవలసినదే యనిరి. చేపలు పట్టియు, నత్తగుల్లలు ఏరియు సంతలో అమ్ముకొనువారు తమ నోటికాడి కూడు పోవునని మొఱపెట్టిరి. పాలమీద బ్రదుకు ఇల్లెంతటిదో గుల్లలమీద బ్రదుకు ఇల్లును అంతటిదే కదా! పెద్దలు మావారి యభిప్రాయ మడుగగా, "చంపుటకు ముందు ఎవరు ఎక్కడ కాపురమున్నారో తెలిసికొనవలదా? ఒక నెల గడువిండు" అని వారు కోరిరి. గడువు దొరకినది. మా యాత్రకు కారణ మిది.

అమరకోశమున వారివర్గమునందు శంఖము పేళ్లు చెప్పిన పిమ్మట, శంఖనఖములు, శంబూకములు, జలశుక్తులు అను పేళ్లు వచ్చును. చిన్ననాడు మా నాయనగారియొద్ద ఈ పేళ్లను వల్లించిన మాకు, ఆ పేళ్లు గల ప్రాణులను చేతబట్టి చూచు భాగ్యము ఇప్పటికి కలిగెను. మన దేశపు జంతువులను పరిశీలించుటకై 1916లో కలకత్తాలో ఒక ప్రభుత్వశాఖ ఏర్పడినది. దాని మొదటి యధికారియగు నెల్సన్ అన్నండేల్ అను నాతడు మంచినీటి నత్తలను స్వయముగా పరిశోధించినవాడు. ఆ శాఖయందే పనిచేసిన ఎన్. వి. సుబ్బారావుగారు మన దేశపు మంచినీటి గుల్లప్రాణు లన్నిటిని గూర్చి 1989లో ఒక గ్రంథమును వెలువరించిరి. మావారు ఆ గ్రంథమును సంపాదించి తెచ్చిరి. అందలి పేళ్లు లాటినుభాషవి. పిల్లల నోట నిలుచుటకై మేము వానికి ఇంటిపేళ్లు పెట్టుకొంటిమి. ఆ పేళ్లనే ఇందును వాడుదుము.

మా సరంజామా స్వల్పము. పిండి జల్లించి పాతబడిన జల్లెడకు వెదురుకఱ్ఱ కట్టితిమి. లోపల తెల్లగానుండు పింగాణి పళ్లెమొకటి, రబ్బరు తొడుగులు, నోటుబుక్కు, గడియారము తీసికొంటిమి. ప్రతి నీటియొద్దను పది తావులు ఏర్పఱచి, ఒక్కొక్క తావున పావుగంటకు మించకుండ వెదకవలెనని నియమము చేసికొంటిమి. ఒకచోట గడియసేపును, మఱొకచోట పూటంతయు వెదకినచో ఆ రెండు లెక్కలకు పొత్తు కుదురదు. బ్రదికిన నత్తలకు ఒక వరుస, ఒట్టి గుల్లలకు ఒక వరుస వేఱుగ వ్రాసితిమి. గుల్ల నీటిలో కొట్టుకొని ఎంత దూరమైనను వచ్చును. బ్రదికిన నత్త ఉన్నచోటనే ఉన్నదని నమ్మవచ్చును. చూచినదానిని చూచినట్లే నీటిలో విడిచితిమి.

మొదటి ఆదివారము పంటకాలువకు పోయితిమి. ఇది విజయవాడనుండి ఏలూరువఱకు వచ్చు పెద్దకాలువనుండి చీలిన పిల్లకాలువ. 1855లో కృష్ణకు ఆనకట్ట ముగిసిన తర్వాత ఈ సీమకు కాలువనీరు పాఱెను. 1957నుండి ఆ ఆనకట్టకు బదులుగ ప్రకాశం బారేజి నీటిని నిలుపుచున్నది. మా కాలువ ఊరికి ఎగువ సగము సిమెంటుతో కట్టబడినది. దిగువ సగము ఇంకను మట్టిగట్టే. ఒకే నీరు, ఒకే వడి. అయినను రెండు సగములకు ఎంత భేదమో చూడుడు.

సిమెంటుగోడవెంట అయిదు తావులు వెదకితిమి. అడుగున చేరిన యిసుకలో గుల్లలు గుప్పెడేసి వచ్చెను గాని బ్రదికినవి సూదినత్తలు కొన్నిమాత్రమే. సూదినత్త సన్నగ, పొడుగుగ, కొన తేలియుండును. లాటినున మెలనాయిడిస్ అందురు. దీని సంసారము వింతయైనది. ఈ జాతిలో దాదాపు అన్నియు ఆడవే. మగనత్త తోడులేకయే తల్లి పిల్లలను కనును. ఒక్కటి దక్కినను ఒక వంశము నిలుచును. కావుననే కాబోలు ఆ సిమెంటుతొట్టిలోను తల దాచుకొన్నది.

మట్టిగట్టుకడకు వచ్చుసరికి పిల్లలు సంతోషముతో కేకలు వేసిరి. నాచుమొక్కలలోను, తుంగవేళ్లలోను, నీట మునిగిన తాటిమట్టలకు అంటుకొనియు బొంగరపు నత్తలు కనబడెను. దీని పేరు బెల్లామియా. ఆకుపచ్చయు గోధుమవన్నెయు కలిసిన గుల్లమీద చీరయంచువలె నల్లని చారలు చుట్టుకొనియుండును. వాకిటికి తలుపువలె పలుచని మూత యుండును. ముట్టుకొన్నంతనే లోనికి ముడుచుకొని తలుపు వేసికొనును. ఇది గ్రుడ్లు పెట్టదు. గ్రుడ్లను కడుపులోనే పొదిగి, చిన్న గుల్లతోకూడ పిల్లలను కనును. ఆడ మగ భేదము తెలియుటకు దాని మొగమునందలి కొమ్ములవంటి మీసములను చూడవలెను. మగదానికి కుడిమీసము పొట్టిగ, లావుగ నుండును. మా పొరుగుపిల్ల పెద్దది దీనిని కనిపెట్టి, ఆ దినమంతయు మగపెండ్లివారు, ఆడపెండ్లివారు అని నత్తలను వేఱుచేయుచు కూర్చుండెను.

గట్టుమట్టి చెమ్మగ నున్నచోట తెల్లని గ్రుడ్ల ముద్ద యొకటి దొరకెను. అది పెద్దగుల్లది. దీనినే మన జనులు నత్తగుల్ల యందురు, లాటినున పైలా. మూత గల నత్తలలో మన నీళ్లలో ఇంత పెద్దది వేఱొకటి కానరాదు. ఇది నీటిలో నున్నప్పుడు మొప్పతో ఊపిరి పీల్చును. ఒక గొట్టమును నీటిపైకి చాచి ఊపిరితిత్తిలోనికి గాలినికూడ తీసికొనును. గ్రుడ్లు పెట్టుటకు మాత్రము నీరు విడిచి, గట్టునెక్కి, మెత్తని మట్టిలో గుంట చేసి వందలకొలది పెట్టును. ఇక సిమెంటుగోడ ఎక్కి ఎక్కడ పెట్టగలదు? గోడ దానిని చంపలేదు. పురిటిగది మాత్రము మూసివేసినది.

ఇక్కడ నొక హెచ్చరిక. ఈ పెద్దగుల్లకు దక్షిణ అమెరికాలో జ్ఞాతులు కలవు. వానిలో నొకదానిని తిండికై 1980 ప్రాంతమున తైవానునకు తెచ్చిరి. అది తప్పించుకొనియు, చేతులు మాఱియు తూర్పుదేశముల వరిచేలలో వ్యాపించి, లేత నాళ్లను కొఱికి ఎంతో నష్టము కలిగించినది. దాని గ్రుడ్లు గులాబివన్నె. నీటిపైనున్న కాడలకు గుత్తులుగ అంటియుండును. మనదాని గ్రుడ్లు తెలుపు, మట్టిలో నుండును. మీ కాలువలో గులాబివన్నె గుత్తి కనబడినచో ఊరకుండక వ్యవసాయశాఖవారికి తెలుపుడు. మాకు ఒక్కటియు కనబడలేదు.

రెండవ ఆదివారము రేవుబోదె. మనము గిన్నెలు తోముకొనునది, బట్టలుతుకునది, కార్తికమున దీపములు విడుచునది ఇదియే. నీరు మందముగ కదలును. గుఱ్ఱపుడెక్క దట్టముగ నల్లుకొన్నది. ఆ డెక్క వేళ్లను పళ్లెములో విదిలింపగా చక్కిలపు నత్తలు రాలెను. చక్కిలమును చుట్టినట్లు గుల్ల బల్లపఱుపుగ చుట్టుకొనియుండును. దీని నెత్తురు మననెత్తురువలెనే ఎఱ్ఱగ నుండును. నత్తలలో నిది యరుదు. దీని లాటినుపేరు ఇండోప్లానోర్బిస్. దీనికి మూత లేదు. గాలికై పైకి రావలసినదే.

ఆ రేవునకు దిగువనే మాకొక పరదేశి కనబడెను. గుల్ల మొన పైకి, వాకిలి మనవైపునకు ఉండునట్లు పట్టుకొన్నచో మన నీళ్లలోని పొడుగుపాటి నత్తలకు సాధారణముగ వాకిలి కుడివైపున నుండును. దీనికి ఎడమవైపున నున్నది. ఇది ఉత్తర అమెరికానుండి లోకమంతట వ్యాపించిన ఫైసా యను నత్త. అలంకారపు చేపల గాజుతొట్లలో మొక్కల నంటి వచ్చి, తొట్టి కడిగిన నీటితో కాలువలలో పడుచున్నది. మన పూజాగృహములయందలి దక్షిణావర్తశంఖముకూడ మామూలు శంఖమునకు ఎదురుచుట్టు గలదే. శంఖమున ఎదురుచుట్టు అరుదు గనుక పూజార్హమైనది. ఈ ఫైసా జాతికి ఎదురుచుట్టే సహజము. చేపలతొట్టి నీటిని కాలువలో పోయక పెరటిమొక్కలకు ఎండుచోట పోయుడని ఆ వీధివారికి చెప్పి వచ్చితిమి.

మూడవ ఆదివారము గేదెలకుంట. నిజమునకు మా యాత్రకంతకు ఇదియే ముఖ్యస్థలము. వానకాలమున నిండి, పిదప పాఱక నిలిచిపోవు నీరది. నాలుగు వీధుల గేదెలు పగలు దానిలోనే పడియుండును. గట్టుచుట్టు పచ్చిగడ్డి మోకాలెత్తున పెరిగినది. పేడ గట్టుననే పడి నీటిలోనికి జాఱును. తొడుగులు వేసికొని కలువాకు నొకదానిని తిప్పి చూచితిమి. అడుగున సగ్గుబియ్యపుజావవంటి ముద్దలో చుక్కలుచుక్కలుగ గ్రుడ్లు. ప్రక్కనే పలుచని దొప్పనత్తలు. ఈ నత్తకు గుల్ల గాజువలె పలుచన, వాకిలి ఆకుదొప్పవలె వెడల్పు, మూత లేదు. దీని పేరు లిమ్నియా. పంటకాలువలో పది తావులు వెదకినను మాకిది కనబడలేదు. ఈ కుంటలో మొదటి పావుగంటలోనే లెక్క తప్పునన్ని కనబడెను.

కార్జపు జలగకు పసితనమున పెంపుడుతల్లి ఈ దొప్పనత్తయే. జలగ గ్రుడ్లు పేడతోకూడ నీట పడును. వానినుండి కంటికి కానరాని పిల్ల వెలువడి నత్తను వెదకి లోన జొచ్చును. ఒక్కటి జొచ్చి, లోపల పెరిగి, అనేకములై బయటికి వచ్చును. అవి నీటియొడ్డు గడ్డికి అంటుకొని, తిత్తి కట్టుకొని, గేదె రాకకై కాచియుండును. గేదె గడ్డి మేయును. జలగ కార్జము చేరును. మఱల పేడతో గ్రుడ్లు. పేడ, నీరు, నత్త, గడ్డి, గేదె అను ఈ చక్రమున ఏ యొక్క యాకును విఱిచినను చక్రము నిలుచును. నత్తను చంపుట యొక్కటియే దారి కాదని ఆ కుంటగట్టున నిలిచినప్పుడు మాకు తేటపడెను.

అచ్చట గేదెలు కాయుచున్న యొక యిల్లాలు మమ్ముజూచి, "అమ్మగారూ, ఆ నీళ్లలో దిగమాకండి. మా బుడ్డోడు ఈతకొట్టొచ్చిన రోజల్లా రాత్రంతా ఒళ్లు గోక్కుంటానే ఉంటాడు" అని చెప్పెను. దానికిని కారణము కలదు. చక్కిలపు నత్తలో పెరుగు పశువుల నెత్తుటి పురుగు లున్నవి. వానిలో నొకటి ముక్కునాళములలో చేరి పశువునకు గురక తెప్పించును. దానిని 1933లో మన దేశీయుడే యగు రావు అను శాస్త్రజ్ఞుడు తొలుత వర్ణించెను. ఆ పురుగుల పిల్లలు మనుష్యుల చర్మమున జొచ్చినను పెరుగజాలక అక్కడనే చచ్చును. దద్దురు, దురద మాత్రము కలిగించును. పిల్లలను నిలువనీటి కుంటలలో ఈతకు పంపకుండుటకు ఇంతకంటె వేఱు కారణమేల? అట్టి కుంటలలో పెరిగిన తూటికూరను చక్కగ ఉడికింపక తినరాదు. నత్తమాంసమును తినువారును బాగుగ ఉడికించియే తినవలెను. పచ్చిగుల్లలు ఒలిచిన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

నాలుగవ ఆదివారము ఏఱు చూడ పోయితిమి. తమ్మిలేరు ఏలూరుప్రక్కగ వచ్చి కొల్లేటిలో కలియును. బుడమేరు, రామిలేరుకూడ కొల్లేటికే చేరును. కొల్లేటినుండి ఉప్పుటేరు 60 కిలోమీటర్లకు పైగ ప్రవహించి సముద్రమును చేరును. కొల్లేటిని 1999లో పక్షుల రక్షితప్రాంతముగ ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలలలో చేరినది. 2006లో సరస్సులోని చేపలచెఱువుల గట్లను అనేకము తెగగొట్టిరి. అటుతర్వాత కొన్నిచోట్ల గట్లు మఱల లేచినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులను ముంచిన సంగతి మీరెఱిగినదే. మనము ఏఱులను మఱచినను ఏఱులు మనలను మఱవవు.

ఏటిమొగలో మోకాలిలోతు నీట ఒక ముసలమ్మ కాళ్లతో తడవి గుల్లలు తీయుచుండెను. కంటితో వెదకుట లేదు. అరికాలికి తగిలినదేదో దానినిబట్టియే పేరు చెప్పును. మేమడుగగా నవ్వి, "నల్లటిదైతే బరువుగా ఉంటాదమ్మా. ఒట్టిగుల్లయితే కాలికిందే కదుల్తాది. మా చిన్నప్పుడు ఎండలకాలంలో ఈ మడులు బీటలిస్తే, ఆ బీటల్లో గునపమేసి గుల్లలు తవ్వేవాళ్లం. తలుపేసుకుని నిద్దరపోతా ఉండేవి. వాన పడితే లేచేవి" అనెను. ఆమె చెప్పినది అక్షరాల నిజము. నీరెండినప్పుడు పెద్దగుల్ల బురదలోనికి దిగి, మూత బిగించుకొని, వానలవఱకు నెలల తరబడి ఆహారము లేకయే బ్రదుకును. పుస్తకమున చదివినది ఆమె నోట వినుట మాకెంతయో తృప్తి నిచ్చెను.

"ఇప్పుడును అట్లే దొరకునా పెద్దమ్మా?" యని యడిగితిమి. "ఏడ దొరుకుతాయమ్మా! బుట్ట నిండాలంటే పొద్దు వాలాల్సిందే. ఆ మందు కూడా పోస్తే ఇంక నేను దేనికోసం దిగాల?" అని, మా పళ్లెములోని గుల్లనొకదానిని తీసి, మూత గోటితో మీటి, "ఇది పిల్లతల్లి, వదిలేయండి" యని నీట జాఱవిడిచెను.

ఆ ప్రక్కనే కోసిన వరిమడిలో నత్తగుల్లకొంగలు పది పండ్రెండు నిలిచియుండెను. ఈ కొంగ ముక్కు రెండుదవడలును కొనలందు కలియును గాని నడుమ సందుండును. ముక్కుకొనను మూతసందున దూర్చి, గుల్లను పగులగొట్టకయే లోని మాంసమును లాగును. గుంటూరుచేరువ ఉప్పలపాటి చెఱువులో చెట్లపై గూళ్లు కట్టుకొను పక్షులలో నివియు కలవు. వీని ముఖ్యాహారము పెద్దగుల్లయే. అది వరిచేలలో లేత నాళ్లను కొంత తినుట నిజమే. దానిని అదుపున నుంచు పక్షిని దేవుడు దాని ప్రక్కనే ఉంచినాడు. గుల్ల పోయినచో కొంగ పోవును; మందు మాత్రము ఏటేట కొనవలసివచ్చును.

పుష్యమాసారంభమున పెద్దలు మఱల కూడిరి. మావారు నోటుబుక్కు వారి ముందుంచిరి. ఆడపిల్లలిద్దఱు నాలుగు సీసాలలో నాలుగు నీళ్లను, వాని నత్తలను పట్టుకొని నిలిచిరి. స్త్రీలము సావడి యరుగున కూర్చుంటిమి. లెక్క చెప్పినది క్లుప్తముగ నిది: జలగను పెంచు దొప్పనత్త గుంపులుగ నున్నది గేదెలకుంటలో; రేవుబోదెలో ఏ కొన్నియో; పంటకాలువలోను ఏటిమొగలోను మాకు కనబడలేదు. ఆ రెండింట నున్నవి మూత గల పెద్దగుల్ల, బొంగరపు నత్త, సూదినత్త. మైలుతుత్తము కలిపినచో నీటిలో కరగిన రాగి తొలుత చేపలకును చేపపిల్లలకును విషము. పెద్దగుల్ల మూత వేసికొని బురదలో దాగును. రాగి అడుగుమట్టిలో చేరి నిలిచిపోవును. మఱుసటి వానకు ఎగువనుండి దొప్పనత్తలు మఱల కొట్టుకొని వచ్చును.

మఱి గేదెలకు గతి యేమి? దానికిని పశువైద్యునే అడిగి సమాధానము తెచ్చితిమి. ఆయన చెప్పిన వేళలకు మంద మొత్తమునకు మందు పట్టింపవలెను. ఒకరు పట్టించి ఒకరు మానిన ప్రయోజనము లేదు. కుంటలోనికి గేదెలను తోలక, ఎత్తుచోట తొట్టి కట్టి బోరునీరు త్రాగింపవలెను. కుంటగట్టు పచ్చిగడ్డిని మేపక, కోసి బాగుగ ఎండిన పిదప వేసినచో అపాయము చాలవఱకు తగ్గును. పేడను కుంటగట్టున విడువక దిబ్బకు చేర్చవలెను. కుంటలో బాతులను విడిచినచో అవి దొప్పనత్తలను ఏరి తినును.

వాదము చాలసేపు జరిగెను. ఒక పెద్దమనుష్యుడు, "మా గేదె చచ్చినచో ఈ లెక్క పాలిచ్చునా?" యని యడిగెను. అతని రెండు గేదెలలో నొకటి ఆశ్వయుజముననే పోయినది గనుక ఆ మాటలోని బాధ మాకందఱకు తెలియును. దానికి మావారు బదులు చెప్పలేదు. గేదెలు కాయు ఆ యిల్లాలే లేచి, "తొట్టి కడితే నీళ్లు నేను తోడతా బాబూ. మా బుడ్డోడికి దురద కూడా పోద్ది" అనెను. తుదకు, వసూలైన చందాలో సగముతో తొట్టియు కుంటచుట్టు ముళ్లకంచెయు వేయుటకును, మిగిలిన సగము మందమొత్తము మందులకు కట్టియుంచుటకును ఒప్పుకొనిరి. రానున్న వానకాలము గడచినపిదప గేదెల స్థితి చూచి మైలుతుత్తము మాట మఱల ఆలోచింతుమనిరి. కనుక వ్యాజ్యము ముగియలేదు, వాయిదా పడినది. పంటకాలువ దిగువ సగమునకును సిమెంటు వేయుదురని వినికిడి. ఒక గట్టునైనను మట్టిగ విడువుడని ఊరివారము అర్జీ వ్రాసితిమి. దానికి బదులు రావలసియున్నది.

వానకాలము నాటికి మరల లెక్క వేయుట కెవరో ఒకరుండవలెను. పురుషులు నీటియొద్దకు పోవుట ఏ చేపలకొఱకో, మడికి నీరు పెట్టుటకొఱకో. మనమైతే ప్రతిదినము పోవుదుము. నీరు రంగు మాఱినను, వాసన మాఱినను తొలుత తెలియునది మనకే. మీ యూర రేవుండినచో వారమునకొక పర్యాయము ఒక పావుగంట వెచ్చింపుడు. తేది, చోటు, నీరు పాఱుచున్నదా నిలిచియున్నదా, బ్రదికిన నత్తలెన్ని, ఒట్టి గుల్లలెన్ని, మూత కలదా లేదా, వాకిలి కుడియా ఎడమా అని వ్రాసియుంచుడు. లాటినుపేళ్లు రానక్కఱలేదు. సంవత్సరము నిండునప్పటికి మీ నీటి జాతకము మీచేతిలోనే యుండును. దానిని చూపి అడిగినప్పుడు, ఊహచేసి మాటాడువారు ఒక క్షణమైనను ఆగి వినక తప్పదు.

మా రేవుమెట్ల ప్రక్కగోడపై ఇప్పుడు బొగ్గుతో గీసిన గళ్లు కలవు. చదువు వచ్చినవారు అంకెలు వేయుదురు. ఏటిమొగ ముసలమ్మ సంతకు పోవు దారిలో ఆగి, తాను చూచిన పిల్లతల్లులకు ఒక్కొక్క గీత గీసి పోవుచున్నది. నిన్నటివఱకు ఆమె గడిలో పదునేడు గీతలున్నవి.